నలభై వేల లెక్క

పాఠ్య సందర్భం

చీరాల–పేరాల పోరాటాన్ని విద్యార్థులు చరిత్ర పుస్తకాలలో స్వాతంత్ర్యోద్యమ ఘట్టంగా చదివి ఉంటారు. ఈ వ్యాసం ఆ ఘట్టాన్నే ఒక పట్టణపు జమాఖర్చుల కథగా పరిశీలిస్తుంది. స్థానిక సంస్థల బడ్జెట్ ప్రజల కంటికి ఎప్పుడు కనబడుతుంది, ఎప్పుడు మరుగున పడుతుంది, అందుకు కారణాలేమిటి అని విచారించడం దీని ఉద్దేశం.

పాఠ్యాంశం

చీరాల పేరు వినగానే చేనేత వస్త్రాలు జ్ఞప్తికి వచ్చేవారు కొందరు, ఓడరేవు సముద్రతీరం జ్ఞప్తికి వచ్చేవారు మరికొందరు. చరిత్ర తెలిసినవారికి మాత్రం ముందుగా రెండు అంకెలు స్ఫురిస్తాయి. ఒకటి నాలుగు వేలు, రెండవది నలభై వేలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే 1921లో ఒక ఊరిని ఊరి బయటకు నడిపించింది.

బ్రిటిషువారి పాలనలో స్థానిక స్వపరిపాలనకు పునాది వేసినది 1882లో రిప్పన్ ప్రభువు వెలువరించిన తీర్మానం. దాని ఫలితంగా మద్రాసు రాష్ట్రంలో 1884లో స్థానిక సంస్థల చట్టం వచ్చింది. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, వాటి క్రింద కొన్ని గ్రామాలను కలిపి యూనియన్లు ఏర్పడ్డాయి. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాల గ్రామాలు అటువంటి ఒక యూనియన్‌లోనివి. రెండు ఊళ్ల జనాభా కలిపి సుమారు పదిహేను వేలు. నేతపనివారు, రైతులు, చిన్న వర్తకులు అధికంగా ఉన్న ప్రాంతం. యూనియన్‌గా ఉన్నంతకాలం ప్రజలు ఏటా చెల్లించిన పన్ను సుమారు నాలుగు వేల రూపాయలు. 1919లో ప్రభుత్వం ఈ యూనియన్‌ను పురపాలక సంఘంగా మార్చింది. పన్ను నలభై వేల రూపాయలకు చేరింది.

ఈ పెరుగుదల ఎంతటిదో తెలియాలంటే ఆనాటి నాణేలలోనే లెక్కించాలి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. నాలుగు వేలను పదిహేను వేల మందికి పంచితే తలకు నాలుగు అణాల పైచిలుకు పడుతుంది. నలభై వేలను పంచితే తలకు రెండు రూపాయల పదిన్నర అణాల పైచిలుకు. ఐదుగురున్న కుటుంబం లెక్క వేసుకుంటే, ఏడాదికి ఒక రూపాయి ఐదు అణాలు కట్టినవారు పదమూడు రూపాయల ఐదు అణాలు కట్టవలసి వచ్చింది. ఇది సగటు మాత్రమే. ఇల్లు చిన్నదా పెద్దదా, వృత్తి ఏమిటి అన్నదాన్ని బట్టి ఎవరి వాటా వారికి ఉంటుంది. అయినా మగ్గం మీద బ్రతికే కుటుంబానికి ఏడాదికేడాది పదిరెట్ల పెంపు ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ప్రభుత్వ పక్షాన కూడా ఒక వాదన ఉన్నదని మరువరాదు. మద్రాసు–బెజవాడ రైలుమార్గం మీద ఉన్న ఊరు, వర్తకం పెరుగుతున్న ఊరు, పదిహేను వేల జనాభా గల ఊరు. మురుగు కాలువలు, వీధి దీపాలు, మంచినీరు, పాఠశాలలు కావాలంటే నాలుగు వేలతో సాధ్యమా అని అడిగితే ఆ ప్రశ్న అన్యాయమైనదని చెప్పలేము. పురపాలక సంఘం అంటేనే ఎక్కువ సౌకర్యం, దానికి తగిన ఎక్కువ పన్ను. కాని బేరం ఏదైనా సరే, కొనేవాడికి వస్తువు కనబడాలి. చీరాల కథను తరతరాలుగా చెప్పుకొనేవారి నోట నాలుగు వేలు వినిపిస్తుంది, నలభై వేలు వినిపిస్తుంది. ఆ నలభై వేలలో కాలువలకు ఎంత, దీపాలకు ఎంత, జీతాలకు ఎంత అన్న మూడవ అంకె మాత్రం వినిపించదు. ప్రజలు గుర్తుంచుకొన్నది తాము ఇచ్చినదాన్నే. తమకు వచ్చేదేమిటో వారి మనసుకు ఎక్కలేదు. నా దృష్టిలో ఈ పోరాటానికి మూలం అక్కడే ఉన్నది.

ప్రజలు ముందుగా విజ్ఞప్తులు పంపారు. ఫలితం లేకపోయింది. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతగాడైన అధ్యక్షుని నియమించి పురపాలక సంఘాన్ని నడిపించింది. పన్ను చెల్లించనివారిపై కేసులు పెట్టారు. ఒక మహిళతో సహా పన్నెండు మందిని జైలుకు పంపారు. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. 1919 నాటి రాజ్యాంగ సంస్కరణల వల్ల స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. 1920 చివరి నుంచి మద్రాసులో ఆ శాఖను నిర్వహించిన మంత్రి పానగల్లు రాజా పి. రామరాయణింగారు. అంటే తెలుగు ఊరి మొర వినవలసిన మంత్రి తెలుగువాడే. స్వపరిపాలన అన్న మాట చట్టంలో చేరినంత మాత్రాన పాలకునికీ, పన్ను చెల్లించేవానికీ మధ్య దూరం తగ్గిపోదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఉద్యమానికి నాయకత్వం వహించినవారు ‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. నందికేశ్వరుని ‘అభినయదర్పణం’ గ్రంథాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లంలోకి అనువదించగా అది 1917లో వెలువడింది. నాట్యశాస్త్రం చదివిన పండితుడు పన్నుల పోరాటంలోకి దిగడం వింతగా తోచవచ్చు. కాని ప్రజలను ఆకట్టుకొనే మాటనేర్పు, పాట, చమత్కారం ఆయనకు సహజాభరణాలు. వెయ్యిమంది దాకా స్వచ్ఛంద సేవకులతో ‘రామదండు’ను నెలకొల్పి ఊరికి ఒక క్రమశిక్షణ అలవరచారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైంది. ఆ తరువాత గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు మార్గాలు చూపారు. అహింసను వీడక పన్ను నిరాకరించి, వచ్చే శిక్షను అనుభవించడం ఒకటి. పురపాలక సంఘం హద్దులను దాటి వెళ్లిపోవడం రెండవది. ఊరే లేకపోతే పురపాలక సంఘం ఎవరిపై పన్ను వేస్తుంది? ప్రజలు రెండవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. ఏప్రిల్ నెలాఖరులో, మండు వేసవిలో, పదిహేను వేల జనాభాలో పదమూడు వేల మంది దాకా ఇళ్లు వదలి హద్దుల ఆవల పాకలు వేసుకొన్నారు. ఆ నివాసానికి రామనగరమని పేరు పెట్టుకొన్నారు. వృద్ధులు, పసిబిడ్డలు, బాలింతలు అందరూ ఆ తాటాకు పాకలలోనే ఎండనూ, వాననూ, చలినీ చూశారు. సుమారు పదకొండు నెలలు అలా గడిచాయి.

ఇంత ఉద్యమం నడపడానికి కూడా డబ్బు కావాలి. పాకలకు, పేదల పోషణకు విరాళాలు సేకరించవలసి వచ్చింది. ఆ సమయంలోనే గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్లారు. ప్రసంగించరాదన్న ప్రభుత్వాజ్ఞను ధిక్కరించినందుకు అక్కడ ఆయనను నిర్బంధించి ఏడాది కారాగార శిక్ష విధించారు. నాయకుడు తిరుచిరాపల్లి జైలులో ఉన్నాడు, నిధులు అడుగంటాయి. 1922 ఆరంభంలో ప్రజలు క్రమంగా పాత ఇళ్లకు తిరిగి వచ్చారు. ప్రభుత్వం పురపాలక సంఘాన్ని ఉపసంహరించలేదు. గెలుపు ఎవరిదన్న వాదం చరిత్రకారులకు విడిచిపెడదాం. పదకొండు నెలల కష్టానికి కారణమైన ఆ లెక్కను మాత్రం మనం విడిచిపెట్టకూడదు.

ఇంతకూ పురపాలక సంఘం బడ్జెట్‌లో ఏముంటుంది? ఇంట్లో నాన్నగారు నెల మొదట్లో జీతాన్ని కిరాణాకు, అద్దెకు, పిల్లల ఫీజులకు విడదీసినట్లే పట్టణం కూడా ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు తన రాబడిని విడదీస్తుంది. జమ వైపున ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, పురపాలక దుకాణాల అద్దెలు, ఇంటి ప్లానుల అనుమతి రుసుములు ఉంటాయి. వీటిని సొంత రాబడి అంటారు. దానికి తోడు కేంద్ర ఆర్థిక సంఘం సిఫార్సు చేసిన నిధులు, రాష్ట్ర ప్రభుత్వ గ్రాంట్లు. ఖర్చు వైపున జీతాలు, పారిశుద్ధ్యం, వీధి దీపాల విద్యుత్ బిల్లు, నీటి సరఫరా, రోడ్లు, కాలువలు. రాబడి కంటే ఖర్చు తక్కువగా చూపి చివర కొంత నిల్వ మిగల్చడం ఆనవాయితీ.

ఈ పత్రాన్ని చదవడం వచ్చినవారు తక్కువ. నిజానికి అది పెద్ద విద్య కాదు. ప్రతి పద్దుకు ఎదురుగా సాధారణంగా మూడు గడులు కనిపిస్తాయి. గడచిన సంవత్సరంలో వాస్తవంగా వచ్చినది లేదా ఖర్చయినది, నడుస్తున్న సంవత్సరపు సవరించిన అంచనా, రాబోయే సంవత్సరపు అంచనా. పత్రికలలో వచ్చేది మూడవ గడి మాత్రమే. ‘ఇన్ని కోట్లతో పురపాలక బడ్జెట్’ అన్న శీర్షిక ఆ గడి నుంచే పుడుతుంది. తెలివైన పాఠకుడు మొదటి గడిని చూస్తాడు. ఒక పట్టణం కొత్త కాలువకు యాభై లక్షలు అంచనా వేసి, ఏడాది చివర ఐదు లక్షలే ఖర్చు పెట్టిందని అనుకొందాం. మరుసటి ఏడు మళ్లీ అదే కాలువకు అరవై లక్షలు చూపితే అది అంచనా కాదు, ఆశ. ఏటా కొత్త అంచనాలనే చదువుతూ పోతే ఆ కాలువ కాగితం మీదనే పారుతుంది.

అలాగే పురపాలక కార్యాలయాలలో డి.సి.బి. అని ఒక పట్టిక ఉంటుంది. డిమాండ్, వసూలు, బకాయి అని దాని అర్థం. ఏ వార్డులో ఎంత పన్ను రావలసి ఉన్నది, ఎంత వచ్చినది, ఎంత నిలిచిపోయినది అందులో తెలుస్తుంది. చిన్న ఇంటివారు మార్చి నెలాఖరుకు వరుసలో నిలబడి కడుతుండగా, పెద్ద బకాయిలు ఎవరి పేరున ఉన్నాయో ఆ పట్టిక చెబుతుంది. బడ్జెట్ కంటే కూడా దీనిని బయటపెట్టడానికే కార్యాలయాలు ఎక్కువ వెనుకాడతాయని నా అభిప్రాయం. పనులు జరిగినప్పుడు ఇంజినీరు కొలతలు రాసుకొనే పుస్తకం ఇంకొకటి, దానిని ‘ఎం.బుక్’ అంటారు. రోడ్డు పొడవెంత, వెడల్పెంత, కాంక్రీటు మందమెంత అన్నవి అందులో ఉంటాయి. ఇంటి ముందు వేసిన సిమెంటు రోడ్డును టేపుతో కొలిచి ఆ పుస్తకంతో సరిచూడడానికి ఆర్థికశాస్త్ర పట్టా అవసరం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కొన్ని పట్టణాలు తమ లెక్కలను వాకిట్లో ఆరబోస్తాయి, కొన్ని బీరువాలో దాస్తాయి. ఎందువల్ల?

మొదటి కారణం డబ్బు వచ్చే దారిలోనే ఉన్నది. జేబులోనుంచి తీసి ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. 1921లో చీరాల అడిగినది అందుకే. అదే డబ్బు పైనుంచి గ్రాంటు రూపంలో వస్తే ప్రజలకు అది ఎవరి సొమ్మో తెలియదు. తమ సొమ్మే రాజధానికి, ఢిల్లీకి వెళ్లి తిరిగి వచ్చిందన్న స్పృహ ఉండదు. అప్పుడు కార్యాలయం పైకి లెక్క చెబుతుంది, క్రిందికి చెప్పదు. వినియోగ ధ్రువపత్రం పై అధికారికి చేరితే చాలు, వీధిలోని మనిషికి చేరనక్కరలేదు. మన పట్టణాలు, గ్రామాలు సొంత రాబడి మీద కంటే గ్రాంట్ల మీద ఎక్కువగా ఆధారపడి ఉండడం వల్ల ఈ అలవాటు గట్టిపడింది. అయితే దీనికి మరో పార్శ్వం కూడా ఉన్నది. పైనుంచి వచ్చే డబ్బుకు షరతు పెట్టవచ్చు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చే స్థానిక గ్రాంట్లకు అటువంటి షరతే పెట్టింది. క్రిందటి ఏటి తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటి ఏటి ఆడిట్ అయిన లెక్కలు అందరూ చూడగలిగేలా ఇంటర్నెట్‌లో ఉంచిన సంస్థలకే ఆ నిధులు. జనం అడిగి సాధించలేనిదాన్ని ఒక షరతు సాధించింది.

రెండవది రాజకీయమైన పోటీ. పాలకవర్గంలో బలమైన ప్రతిపక్షం ఉంటే ప్రతి పద్దు మీద ఒక ప్రశ్న లేస్తుంది. అందరూ ఒకే పక్షంవారైతే బడ్జెట్ సమావేశం టీ చల్లారకముందే ముగుస్తుంది. ఎన్నికలే లేకపోతే? ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరువాత పురపాలక ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. మధ్యలో పదవీకాలం ముగిసిన చోట్ల ప్రత్యేకాధికారులు పాలించారు. గ్రామ పంచాయతీలలోనూ 2013 తరువాత ఎన్నికలు 2021లోనే జరిగాయి. ప్రత్యేకాధికారి సమర్థుడే కావచ్చు, నిజాయితీపరుడే కావచ్చు. కాని ఆయనను ప్రశ్నించడానికి బల్లకు అవతల ఎవరూ కూర్చొని ఉండరు. చీరాలలో సభ్యులు రాజీనామా చేసిన పిదప జీతగాడైన అధ్యక్షుడు వచ్చిన నాటి స్థితికి, దీనికి పోలిక లేకపోలేదు.

మూడవది ఊరి పరిమాణం, సిబ్బంది. పెద్ద నగరంలో లెక్కల విభాగం వేరే ఉంటుంది, పత్రికల విలేకరులుంటారు, పౌరసంఘాలుంటాయి. చిన్న పట్టణంలో ఒకే గుమాస్తా పన్ను రసీదులు రాయాలి, బిల్లులు చూడాలి, ఆడిట్ అభ్యంతరాలకు సమాధానాలు తయారుచేయాలి. అటువంటి చోట లెక్క బయటికి రాకపోవడం ప్రతిసారీ దురుద్దేశం వల్లనే కాదు. తీరిక లేకపోవడమూ ఒక కారణమే. జమ ఒకచోట, ఖర్చు ఒకచోట రాసే పాత పద్ధతికి బదులు ప్రతి వ్యవహారాన్ని రెండు వైపులా నమోదు చేసే జంట పద్దు విధానానికి పురపాలక సంఘాలు మారాలని జాతీయ పురపాలక లెక్కల మాన్యువల్ 2004లో సూచించింది. దానితో పట్టణానికి ఉన్న ఆస్తులు, అప్పులు కూడా లెక్కలోకి వస్తాయి. కామర్సు విద్యార్థులకు సుపరిచితమైన ఈ విధానం పురపాలక కార్యాలయాల దాకా రావడానికి అంతకాలం పట్టింది.

ఇక భాష. ఇది చిన్న విషయంగా కనిపించినా నేను దీనికి పెద్దపీట వేస్తాను. పుట నిండా సాంకేతిక పదాలు, పొడి అక్షరాలు నింపిన పత్రాన్ని గోడకు అంటించినా అది దాచినట్లే. చట్టం పాటించినట్లవుతుంది, చదువరికి ఏమీ తెలియదు. నేతకార్మికుడు చదువుకొనే తెలుగులో, వార్డుల వారీగా, ‘మీ వీధి కాలువకు ఇంత, ఇంతవరకు ఖర్చయినది ఇంత’ అని రాసిన ఒక్క బోర్డు వంద పుటల పుస్తకం కంటే మేలు.

చట్టం మాటకు వస్తే, నేటి పౌరుని చేతిలో చీరాలవారికి లేని సాధనాలు ఉన్నాయి. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చి స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించాయి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, కొత్త పన్నుల ప్రతిపాదనలు, పన్నుల పెంపు ప్రతిపాదనలు ఆ సభ ముందుకు రావాలి. పన్ను పెంచేముందు ఊరి ముందు పెట్టాలన్న ఆ ఒక్క నిబంధన 1919లో ఉండి ఉంటే రామనగరం వెలిసేదా అన్నది విద్యార్థులు ఆలోచించవలసిన ప్రశ్న. పల్లెకు గ్రామసభ ఉన్నది సరే, పట్టణానికి? రాజ్యాంగం వార్డు కమిటీలను నిర్బంధం చేసినది మూడు లక్షలు, ఆపైన జనాభా గల పురపాలక సంఘాలకు మాత్రమే. లక్ష జనాభా కూడా లేని చీరాల వంటి పట్టణం ఆ నిర్బంధం క్రిందికి రాదు. కూతవేటు దూరంలోని పల్లెవాసికి లెక్క అడిగే సభ ఉండగా, పట్టణవాసికి అంతటి సభ లేకపోవడం మన వ్యవస్థలోని ఒక వెలితి.

ఆ వెలితిని కొంతవరకు పూరించినది 2005 అక్టోబర్ 12న పూర్తిగా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం. ప్రతి ప్రభుత్వ సంస్థ తన బడ్జెట్ కేటాయింపులను, ఖర్చులను ఎవరూ అడగకముందే తనంతట తానుగా ప్రకటించాలని ఆ చట్టం నాలుగవ సెక్షన్ నిర్దేశిస్తుంది. అడిగినవారికి ముప్పై రోజులలో సమాధానం ఇవ్వాలి. పనులను స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకొనే హక్కు కూడా అందులో ఉన్నాయి. ఈ చట్టం వెనుక ఒక ఎడారి రాష్ట్రపు పేదల కథ ఉన్నది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1994 నుంచి పల్లెలలో బహిరంగ విచారణలు జరిపింది. కరువు పనుల హాజరు పట్టీలను జనం మధ్య బిగ్గరగా చదివేవారు. పనికి రానివారి పేర, కొన్నిచోట్ల చనిపోయినవారి పేర కూలి రాసినట్లు అక్కడే బయటపడేది. చదువురాని స్త్రీలు తమ పేరు విని లేచి, తమకు ఆ డబ్బు అందలేదని చెప్పేవారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. వారు అడిగినది కూలి పెంపు కాదు, కాగితాల నకళ్లు.

అదే పద్ధతి తరువాత మన రాష్ట్రానికి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఆ ఏటి నుంచే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. గ్రామాలలోని యువకులు, మీ వయసుకు రెండు మూడేళ్లు పెద్దవారు, మస్టర్లు పట్టుకొని ఇంటింటికి తిరిగి సరిచూసి, మండల కేంద్రంలో ప్రజావేదిక మీద ఆ ఫలితాలను చదివారు. పట్టణాల కాలువలకు, రోడ్లకు ఇటువంటి తనిఖీ ఎందుకు విస్తరించలేదన్నదానికి నాకు తృప్తికరమైన సమాధానం దొరకలేదు.

ఇతర దేశాల అనుభవం కూడా కొంత ఉపకరిస్తుంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989 నుంచి పేటల సమావేశాలలో ప్రజలతోనే పనుల ప్రాధాన్యం నిర్ణయింపజేసింది. స్పెయిన్‌లో ఒక పౌరసంస్థ 2008 నుంచి పెద్ద పురపాలక సంఘాలకు పారదర్శకతలో మార్కులు వేసింది. పరీక్షలు రాసే మీకు చెప్పనవసరం లేదు, మార్కులు ప్రకటిస్తారని తెలిసేసరికి తరువాతి ఏళ్లలో ఆ పట్టణాల సగటు గణనీయంగా పెరిగింది. మార్కుల కోసం చదివినవాడికి పాఠం ఎంత వస్తుందో, మార్కుల కోసం తెరిచిన లెక్కలోనూ అంతే నిజం ఉంటుందన్న అనుమానం ఉండనే ఉన్నది. మనకు దగ్గరగా కేరళ 1996లో ప్రజాప్రణాళికను ఆరంభించి రాష్ట్ర ప్రణాళికా నిధులలో మూడవ వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. డబ్బు నిజంగా ఊరి చేతికి వచ్చినచోట ఊరి ప్రశ్నలు కూడా పెరుగుతాయి.

నూరేళ్ల తరువాత పన్ను ప్రశ్న మళ్లీ తలుపు తట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చిరకాలంగా ఆస్తి పన్నును ఆ ఇంటికి రాగల వార్షిక అద్దె విలువ ఆధారంగా నిర్ణయించేవారు. 2020లో చట్టాన్ని సవరించి, 2021–22 నుంచి ఆస్తి మూలధన విలువను ప్రాతిపదికగా తీసుకొన్నారు. భూమి ధర పెరిగితే పన్ను కూడా పెరుగుతుందన్న ఆందోళనతో అనేక పట్టణాలలో నిరసనలు జరిగాయి. అప్పుడు కూడా వాదమంతా ఎంత పెరుగుతుంది అన్నదాని చుట్టూనే తిరిగింది. పెరిగినది ఏ పద్దుకు వెళుతుంది అని అడిగిన గొంతులు తక్కువ.

చీరాల నేడు గుంటూరు జిల్లాలో లేదు. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారినా పురపాలక కార్యాలయం ఏటా ఒక బడ్జెట్‌ను తయారుచేస్తూనే ఉన్నది. సమాచార హక్కు నిబంధనల ప్రకారం రాష్ట్రంలో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలుగా నిర్ణయించారు. ఒక తెల్లకాగితం మీద మూడు వాక్యాలు చాలు: మా వార్డు కాలువకు గడచిన ఏడు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు, ఎం.బుక్ నకలు ఇప్పించండి.

అభ్యాసం

క్రింది పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి: జమాఖర్చు, పద్దు, బకాయి, పెద్దపీట వేయు, కూతవేటు.

‘జీతగాడైన అధ్యక్షుడు’ అని రచయిత ఎవరిని, ఏ సందర్భంలో అన్నారు? ఆ పరిస్థితిని నేటి ఏ పరిస్థితితో పోల్చారు?

గ్రాంట్ల మీద ఆధారపడడం పారదర్శకతకు ఒకవైపు ఆటంకంగా, మరొకవైపు సహాయంగా ఎలా మారుతుందో వివరించండి.

మీ పట్టణం లేదా గ్రామపు బడ్జెట్ ప్రతిని సంపాదించి, ఏదైనా ఒక పద్దులో క్రిందటి ఏటి అంచనాను, వాస్తవ ఖర్చును పోల్చి ఒక పుటకు మించకుండా వ్యాసం రాయండి.